తీగ ఊరికి వచ్చింది. కూడలి మాత్రం దూరాన ఉన్నది

చిన్న నెట్ సంస్థలకు లాభాపేక్ష లేని ఎక్స్చేంజి ఎందుకు కావాలి?

అమలాపురం: విశాఖపట్నానికి సముద్రపు కేబుళ్లు వస్తాయన్న మాట కొంతకాలంగా అందరి నోటా వినబడుతున్నది. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామని ప్రకటించిన సంగతి పాఠకులకు తెలిసిందే. పెద్ద డేటా కేంద్రంతో పాటు, విదేశాలనుంచి సముద్రం అడుగున వచ్చే కేబుళ్లకు విశాఖను ఒక రేవుగా చేస్తామన్న సంగతి కూడా ఆ ప్రకటనలో ఉన్నది. ఇంతకాలం ఆ కేబుళ్లు ప్రధానంగా ముంబయి, చెన్నైలలో, కొంతవరకు కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురాలలో ఒడ్డుకు చేరుతూ వచ్చాయి. తూర్పు తీరాన మన రాష్ట్రానికి ఒక రేవు దొరికితే సంతోషించవలసిన విషయమే.

అయితే ఈ సంబరంలో చిన్న ప్రశ్న ఒకటి మరుగున పడుతున్నది. సముద్రం అవతలికి దారి సరే. అమలాపురంనుంచి రాజోలుకు దారి ఏది?

ప్రశ్న విచిత్రంగా తోచవచ్చు. ఒక ఉదాహరణ తీసుకుందాము. మలికిపురంలో ఒక రైతు ఇంట్లో ఉన్న నెట్ కనెక్షను స్థానిక కేబుల్ ఆపరేటరు ఇచ్చినది. అమలాపురంలో చదువుకుంటున్న ఆయన కొడుకు గదిలో ఉన్న కనెక్షను వేరొక కంపెనీది. రాత్రి భోజనాల వేళ తండ్రీ కొడుకులు ఫోనులో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకుంటారు. ఇద్దరి మధ్య ఉన్నది వైనతేయ పాయ ఒక్కటే. కాని వారి మాట ఆ పాయ దాటి పోదు. ఆపరేటరు తీగ వెంట బయలుదేరి హైదరాబాదుకో చెన్నైకో పోయి, అక్కడ రెండో కంపెనీ తీగలోకి మారి, మళ్లీ వందల కిలోమీటర్లు తిరిగి అమలాపురం చేరుతుంది. ఎందుకంటే ఆ రెండు కంపెనీల తీగలు కలిసే చోటు అక్కడే ఉన్నది. కోనసీమలో రెండు తీగలూ ఒకే కరెంటు స్తంభం మీద పక్కపక్కనే వేలాడుతున్నా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

పూర్వం పక్క ఊరికి రాసిన కార్డు కూడా ముందు పెద్ద ఊరి ఆర్.ఎం.ఎస్. సార్టింగుకు పోయి, సంచి మారి తిరిగి వచ్చేది. ఇదీ అటువంటిదే. తేడా ఏమిటంటే ఆ సార్టింగు అంతా ఒకే తపాలాశాఖది. ఇక్కడ ఎవరి సంచి వారిదే.

ఎక్స్చేంజి అంటే

ఇలా వేరు వేరు కంపెనీల నెట్‌వర్కులు ఒకచోట కలిసి, తమ మధ్య రాకపోకలను నేరుగా మార్చుకునే స్థలాన్ని ఇంటర్నెట్ ఎక్స్చేంజి అంటారు. పేరు పెద్దదే గాని చూడటానికి అది ఒక గది. అందులో చల్లదనానికి యంత్రాలు, కరెంటు పోతే జనరేటరు, ఇనుప బీరువాల వంటి చట్రాలు, వాటిలో స్విచ్ అనే పెట్టె. ప్రతి కంపెనీ తన తీగ ఒకటి తెచ్చి ఆ పెట్టెకు తగిలిస్తుంది. ఫలానా ఫలానా అడ్రసులవారు నా దగ్గర ఉన్నారని ఒకరి యంత్రం మరొకరి యంత్రానికి జాబితా చెబుతుంది. అంతటితో ఆ అడ్రసులకు పోవలసిన సరుకు నేరుగా పోతుంది.

ఇరవై కంపెనీలు విడివిడిగా ఒకదానితో ఒకటి కలవాలంటే 190 తీగలు కావాలి. ఒక గదిలో కలిస్తే ఇరవై తీగలు చాలు. అంబాజీపేటలో కొబ్బరి మార్కెట్టు లేదనుకోండి, ప్రతి రైతూ ప్రతి వ్యాపారి గుమ్మానికీ బండి కట్టుకుని తిరగవలసిందే గదా. ఎక్స్చేంజి మార్కెట్టు వంటిది. అది ఎవరికీ నెట్ కనెక్షను అమ్మదు. ఇంటి యజమాని వెళ్లి అడిగినా ఇవ్వదు. నెట్ ఇచ్చేవారు వచ్చి కలుసుకునే చోటు మాత్రమే.

ఇక లాభాపేక్ష లేకుండా ఎందుకు ఉండాలన్నది ముఖ్యమైన విషయం. కాటా పట్టేవాడే సరుకు కొనేవాడైతే తూకం ఎలా ఉంటుందో రైతులకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఎక్స్చేంజి గది ఒక పెద్ద టెలిఫోను కంపెనీ చేతిలో ఉంటే, దాని పోటీదారులైన చిన్నవారు అక్కడికి రావడానికి సంకోచిస్తారు. వచ్చినా గది అద్దె, తీగ తగిలించే రుసుము ఆ కంపెనీ చెప్పినంత. అందువల్లనే చాలా దేశాల్లో నెట్ సంస్థలు సంఘంగా ఏర్పడి, ఖర్చు పంచుకుని, లాభం పంచుకోకుండా ఈ గదులు నడుపుతున్నాయి. అమెరికాలో మినియాపొలిస్ నగరంలోని ఎక్స్చేంజి పేరులోనే సహకారమన్న మాట ఉన్నది. పల్లెటూళ్లకు టెలిఫోను, నెట్ ఇచ్చే చిన్న కంపెనీలు కూడా దానిలో కలుస్తున్నాయి.

నైరోబీలో జరిగినది

ఇటువంటి గది ఎవరికి కంటగింపు అవుతుందో తెలుసుకోవాలంటే ఆఫ్రికాలోని కెన్యా దేశపు అనుభవం చూడాలి. 2000 సంవత్సరంలో ఆ దేశానికి సముద్రపు కేబులు లేదు. బయటి ప్రపంచంతో సంబంధమంతా ఉపగ్రహం ద్వారానే. రాజధాని నైరోబీలో ఒక వీధిలోని ఆఫీసు ఎదుటి ఆఫీసుకు ఈమెయిలు పంపితే, ఇద్దరూ వేరు వేరు కంపెనీల ఖాతాదారులైతే, ఆ ఉత్తరం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి ఎక్కి, అమెరికాలోనో యూరప్‌లోనో దిగి, మళ్లీ ఉపగ్రహం ఎక్కి నైరోబీ చేరేది. రెండువైపులా కిరాయి డాలర్లలో చెల్లించవలసి వచ్చేది.

ఈ దుబారా భరించలేక అక్కడి నెట్ సంస్థల సంఘం ఆ ఏడాది చివర సొంతంగా ఒక ఎక్స్చేంజి పెట్టింది. కొద్ది రోజుల్లోనే దానిని మూయించారు. విదేశీ రాకపోకల మీద గుత్తాధికారం ఉన్న ప్రభుత్వ టెలిఫోను కంపెనీ ఫిర్యాదు చేసింది. ఈ గది తమ హక్కుకు భంగమని వాదించింది. టెలికాం నియంత్రణ సంస్థ దానితో ఏకీభవించి, లైసెన్సు లేదంటూ ఎక్స్చేంజిని ఆపించింది. ఊళ్లో ఉత్తరం ఊళ్లోనే పంచుకుంటే విదేశీ కిరాయి రాబడి తగ్గుతుంది గదా! కంపెనీ బాధ అర్థం చేసుకోదగినదే.

నెట్ సంస్థలవారు వదలలేదు. ఏడాది పాటు వాదించారు. 2001 నవంబరులో లైసెన్సు వచ్చింది. 2002 ఫిబ్రవరిలో గది తిరిగి తెరిచారు. అంతకుముందు సెకనుకు పైగా పట్టే ప్రయాణం సెకనులో పదోవంతుకు లోపలికి దిగింది. పదేళ్ల తర్వాత, 2012లో ఇంటర్నెట్ సొసైటీ అనే అంతర్జాతీయ సంస్థ లెక్క వేయగా, ఆ ఒక్క ఎక్స్చేంజి వల్ల కెన్యా నెట్ సంస్థలకు ఏటా 15 లక్షల డాలర్ల దాకా మిగులుతున్నట్టు తేలింది. కెన్యా ప్రజలు వాడే నెట్ సరుకులో దేశంలోనే దొరికేది అప్పటికి నూటికి ముప్పై పాళ్లు మాత్రమే. అదే సంస్థ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం అది డెబ్భై పాళ్లకు పెరిగింది.

ముప్పై డెబ్భై ఎలా అయింది? గది ఒక్కటే ఆ పని చేయలేదు. కలిసే చోటు ఉన్నదని తెలిసిన మీదట పెద్ద విదేశీ కంపెనీలు జనం ఎక్కువగా చూసే వీడియోల ప్రతులను దేశంలోనే తెచ్చిపెట్టాయి. ఇవి గిడ్డంగులవంటివి. ఒకే సినిమా పాటను లక్షమంది చూస్తే లక్షసార్లు సముద్రం దాటి తేనవసరం లేదు. ఒకసారి తెచ్చి గిడ్డంగిలో పెడితే చాలు. కెన్యా పన్నుల శాఖ కూడా తన సర్వర్లను ఆ ఎక్స్చేంజికి కలిపింది.

మన కేంద్రం కథ

మన దేశం ఈ విషయంలో నిద్రపోలేదు. 2003 జూన్ 19న నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్చేంజి ఆఫ్ ఇండియా ఏర్పడింది. నిక్సీ అని పిలుస్తారు. లాభాలు పంచడానికి వీలులేని కంపెనీగా, కేంద్ర ప్రభుత్వ ప్రోద్బలంతో దీనిని పెట్టారు. నోయిడా, ముంబయి, చెన్నై, కోల్‌కతాలతో మొదలై తర్వాత హైదరాబాదు, బెంగుళూరు వగైరా నగరాలకు వచ్చింది. '.ఇన్' అనే మన దేశపు చిరునామాల నిర్వహణ కూడా దీనిదే. తెలుగు లిపిలో '.భారత్' అని రాసే చిరునామా కూడా ఈ సంస్థ చేతిలోనిదేనన్న సంగతి చాలామందికి తెలియదు. దానిని వాడేవారు కూడా అంతంతమాత్రమే ననుకోండి.

ఉద్దేశం మంచిదైనా తొలి సంవత్సరాల్లో నిబంధనలు చిన్నవారికి అనుకూలించలేదు. అప్పటి నిబంధన ప్రకారం, ఎక్స్చేంజిలో ఎవరు ఎక్కువ సరుకు తెచ్చుకుంటే వారు, ఎక్కువ ఇచ్చినవారికి ఆ తేడా మేరకు సొమ్ము కట్టాలి. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కాని పల్లెటూరి ఖాతాదారు ఏమి చేస్తాడు? సినిమా చూస్తాడు, పిల్లల పాఠాలు చూపిస్తాడు, ధరవరలు చూస్తాడు. అతడు తెచ్చుకునేదే ఎక్కువ, పంపేది తక్కువ. కాబట్టి పల్లెలకు నెట్ ఇచ్చే చిన్న సంస్థ ఎప్పుడూ కట్టే పక్షానే ఉంటుంది. సర్వర్లున్న పెద్ద సంస్థ పుచ్చుకునే పక్షాన ఉంటుంది. చాలా దేశాల్లో ఎక్స్చేంజిలో కలిసినవారు ఎవరి ఖర్చు వారు పెట్టుకుని, మార్పిడికి పైసా అడగకుండా నడుపుకుంటున్నారు.

మరొక చిక్కు ఉన్నది. ఒక నగరంలోని కేంద్రానికి మరొక నగరంలోని కేంద్రానికి మధ్య దారి లేదు. పెద్ద కంపెనీలు ఒక కేంద్రంలో ఆ ప్రాంతపు అడ్రసుల జాబితా మాత్రమే ఇచ్చేవి. హైదరాబాదులో కలిసిన చిన్న సంస్థకు ముంబయి అడ్రసులు కావాలంటే ముంబయి దాకా తీగ అద్దెకు తీసుకోవాలి, లేదా ఆ పెద్ద కంపెనీ దగ్గరే దారి కొనుక్కోవాలి. ఎక్స్చేంజి పనితీరును ఎలా బాగుపరచాలో చెబుతూ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007 ఏప్రిల్‌లోనే ప్రత్యేకంగా సిఫార్సులు చేయవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించవచ్చు.

ఇటీవలి సంవత్సరాల్లో నిక్సీ చిన్న నగరాలకూ విస్తరిస్తున్నది. 2022లో ఉత్తరప్రదేశ్‌లో గోరఖ్‌పూర్, ప్రయాగరాజ్, వారణాసి వంటి చోట్ల కేంద్రాలు తెరిచారు. ఇది హర్షించదగినదే. అయితే బోర్డు కట్టినంతమాత్రాన సంత కాదు. అమ్మేవారు, కొనేవారు రావాలి. దేశంలో నెట్ చందాదారుల్లో అత్యధికులు జియో, ఎయిర్‌టెల్ కంపెనీలవారు. ఆ రెండూ ఒక కేంద్రంలో మనసు పెట్టి కలవకపోతే మిగిలిన చిన్నవారు తమలో తాము మార్చుకునే సరుకు స్వల్పం. పెద్ద కంపెనీలకు కలవాలన్న తొందర లేదు. తమ దగ్గర దారి కొనుక్కునే చిన్న సంస్థతో ఉచితంగా మార్చుకోవడానికి ఎవరు ముందుకు వస్తారు? నైరోబీ కంపెనీ ఫిర్యాదు చేసింది. మన దగ్గర ఫిర్యాదు కూడా అక్కరలేదు, రాకుండా ఉంటే చాలు.

ఆపరేటరు లెక్క

మన జిల్లాకు వద్దాము. ఫైబరు తీగ విషయంలో కోనసీమ వెనకబడి లేదు. 2016 డిసెంబరులో రాష్ట్ర ఫైబర్ గ్రిడ్‌కు మోరి గ్రామంలోనే శ్రీకారం చుట్టారు. మరుసటి ఏడాది డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకాన్ని జాతికి అంకితం చేశారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24,000 కిలోమీటర్ల తీగ లాగారు. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను అన్నారు. ఆ ధర తర్వాత నిలవలేదు. కాని ఇంటికి చివరి తీగ వేసి, వాన పడి తెగితే నిచ్చెన వేసుకుని అతికించేది నాటికీ నేటికీ ఊరి కేబుల్ ఆపరేటరే.

ఆ ఆపరేటరు ఖర్చు ఎక్కడ పోతుందన్నదే అసలు విషయం. దూరం వల్ల ఆలస్యమవుతుందని కొందరు అంటారు. నిజానికి ఫైబరులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు వెళ్లి వచ్చినా సెకనులో వందోవంతు కూడా పట్టదు, మన కంటికి తెలియదు. తెలిసేది కిరాయి. పట్టణంనుంచి హైదరాబాదు దాకా ఉన్న ప్రధాన తీగలో కొంత భాగాన్ని నెలనెలా అద్దెకు తీసుకోవాలి, ఆ పైన ప్రపంచానికి దారిని టోకున కొనుక్కోవాలి. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా అందరూ ఒకేసారి చూస్తారు గనుక ఆ మూడు గంటల రద్దీకి సరిపడా కొనాలి. మిగిలిన ఇరవై ఒక్క గంటలు అది సగం ఖాళీ. ఆపరేటరు తక్కువ కొంటే రాత్రి వేళ వీడియో ఆగి ఆగి తిరుగుతుంది. ఈ వ్యాసకర్త ఇంట్లోనూ అదే వరస. తిట్లు ఆపరేటరుకు, కిరాయి మరొకరికి.

ఆ రాత్రి రద్దీలో అధికభాగం కొన్ని పెద్ద కంపెనీల వీడియోలే. వాటి గిడ్డంగి సర్వరు ఒకటి దగ్గరలోని ఎక్స్చేంజిలో ఉంటే, హైదరాబాదు దాకా పోవలసిన సరుకులో పెద్ద భాగం దగ్గరే దొరుకుతుంది. కాని ఏ కంపెనీ అయినా ఒక్కొక్క చిన్న ఆపరేటరు దగ్గరా గిడ్డంగి పెట్టదు. వేల ఇళ్లకు సరుకు ఒకేచోట అందుతుందంటే పెడుతుంది. చిన్నవారు ఒక గదిలో కలవడం ఇందుకోసం. మలికిపురం, అమలాపురం తండ్రీకొడుకుల మాటలు దగ్గర దారిన పోవడం మంచిదే గాని, నిజం చెప్పాలంటే అది మొత్తం సరుకులో అణువంత. గిడ్డంగి లేని ఎక్స్చేంజి వల్ల ఆపరేటరుకు ఒరిగేది తక్కువ.

తుఫాను మాట

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం సమీపాన తీరం దాటింది. తుఫానులు మనకు కొత్త కాదు. 1996 నవంబరు నాటిది చూసినవారు నేటికీ ఎందరో ఉన్నారు. కాని అప్పట్లో కబురు తెలియడం రేడియోతో, మనుషులతో. ఇప్పుడు గ్రామ సచివాలయం, ఆసుపత్రి, బ్యాంకు, అన్నీ నెట్ తీగకు వేలాడుతున్నాయి. జిల్లానుంచి పైకి పోయే ప్రధాన తీగ ఎక్కడో తెగితే, జిల్లా లోపల తీగలు బాగానే ఉన్నా ఒక కంపెనీ ఖాతాదారు మరొక కంపెనీ ఖాతాదారును అందుకోలేడు. దగ్గరలో కూడలి ఉంటే అందుకోవచ్చు.

ఇందులోనూ ఒక షరతు ఉన్నది. పక్కింటికి పంపే వాట్సాప్ సందేశం కూడా ఎక్కడో ఉన్న ఆ కంపెనీ సర్వరు దాకా పోయి రావలసిందే. ప్రధాన తీగ తెగితే అది పోదు. కలెక్టరు కార్యాలయం హెచ్చరికలు, పునరావాస కేంద్రాల జాబితాలు, ఆసుపత్రి వివరాలు ఉండే సర్వరు జిల్లాలోనో పక్క జిల్లాలోనో ఉండి, ఎక్స్చేంజికి కలిసి ఉంటేనే ఆపదలో అక్కరకు వస్తాయి. పైగా పేరు చెబితే అడ్రసు చూపే పుస్తకం వంటి సర్వరు ఒకటి దగ్గర ఉండాలి. అది లేకపోతే ఎదురుగా ఉన్న సర్వరు కూడా దొరకదు. నిక్సీ పెద్ద కేంద్రాల్లో ఇటువంటి వాటి ప్రతులు పెట్టారు.

దేశం మొత్తానికి ఇదే న్యాయం. 2008 జనవరి 30న ఈజిప్టు తీరాన అలెగ్జాండ్రియా దగ్గర సముద్రపు కేబుళ్లు తెగినప్పుడు మన దేశపు విదేశీ నెట్ సామర్థ్యం సగం దాకా పోయింది. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో తెగినప్పుడు కూడా ఇబ్బంది తప్పలేదు. ఇంట్లో సరుకు ఇంట్లోనే మార్చుకునే ఏర్పాటు ఎంత గట్టిగా ఉంటే అటువంటి దెబ్బ అంత తక్కువగా తగులుతుంది.

మరి ఒక్క కోనసీమకే ఎక్స్చేంజి పెట్టవచ్చునా? పెట్టవచ్చు గాని నిలవదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఒక జిల్లా ఆపరేటర్ల సరుకు ఒక గిడ్డంగిని ఆకర్షించడానికి చాలదు. ఉభయ గోదావరి ప్రాంతాల ఆపరేటర్లంతా రాజమండ్రివంటి ఒకచోట కలిస్తే ఆలోచించదగినది. గదికి అయ్యే ఖర్చు పెద్దది కాదు. స్విచ్ పెట్టె ధర కంటే అక్కడిదాకా తీగ తెచ్చుకునే కిరాయే ఎక్కువ. రాష్ట్ర ఫైబరు తీగలో కొంత భాగాన్ని అందరికీ ఒకే రేటున, ఎక్స్చేంజి దాకా అద్దెకిస్తే సగం పని అయినట్టే. అందుకు ప్రభుత్వం కొత్తగా ఒక్క స్తంభం కూడా పాతనవసరం లేదు.

మిగతా సగం ఆపరేటర్ల చేతిలో ఉన్నది. ఎక్స్చేంజిలో కలవాలంటే సొంత నెట్‌వర్కు ఉండాలి. దానికి సొంత అడ్రసులు, ఏ.ఎస్. నంబరు అనే గుర్తింపు సంఖ్య కావాలి. ఏళ్ల తరబడి ఉన్న లైసెన్సు పద్ధతిలో దాదాపు ఒక జిల్లా అంత ప్రాంతానికి 'సి' తరగతి లైసెన్సు ఇస్తూ వచ్చారు. కాని మన ఆపరేటర్లలో చాలామందికి అది లేదు. పెద్ద కంపెనీకో ఫైబర్‌నెట్‌కో ఏజెంట్లుగా, వారి పేరున తీగ లాగి కమీషను తీసుకుంటున్నారు. ఏజెంటుకు ఎక్స్చేంజిలో చోటు లేదు. పది, ఇరవైమంది ఆపరేటర్లు ఒక సంఘంగా ఏర్పడి, ఒక లైసెన్సు తీసుకుంటే చోటు దొరుకుతుంది. అడ్రసులకు, నంబరుకు దరఖాస్తు చేసుకోవలసినది కూడా నిక్సీకే. ఆ సంస్థ 2012 నుంచి ఇర్రిన్ అనే విభాగం ద్వారా వాటిని ఇస్తున్నది.